చిక్కదనం ఎక్కడిది?

న్యూయార్కులో ల సిర్క్ అనే రెస్టారెంటు 1974లో తెరిచారు. రాజకీయ నాయకులు, సినిమా తారలు, బడా వ్యాపారులు భోజనానికొచ్చే చోటు. 1970ల చివర్లో ఆ ఊరి తిండిప్రియులంతా చెప్పుకున్న ఒక వంటకం అక్కడ దొరికేది గానీ, మెనూ కార్డులో ఎంత వెతికినా కనబడేది కాదు. నోరు తెరిచి అడిగినవాళ్లకే వడ్డించేవారు. పాస్తా ప్రిమవేరా దాని పేరు. స్పగెట్టీలో బ్రకోలీ, పచ్చి బఠాణీలు, జుకినీ, పుట్టగొడుగులు, టమాటా, పైన్ గింజలు. వాటన్నిటినీ ఒక దారికి తెస్తూ వెన్న, క్రీము, పార్మెజాన్ చీజు. వంటశాల పెద్ద జాన్ వెర్న్ ఫ్రెంచి వంటలో ఆరితేరినవాడు. తన పొయ్యిల మీద ఈ ఇటలీ సరుకు ఉడకడానికి వీల్లేదని పట్టుబట్టాడు. చివరికి వంటింటి బయట నడవాలో నీళ్ల గిన్నె పెట్టి, అక్కడే వండి బల్లల మీదికి పంపేవారు.

దాన్ని కనిపెట్టిందెవరన్న తగవు తెగలేదు. 1975లో కెనడా వెళ్లినప్పుడు అక్కడ చేతికందిన సరుకుతో పుట్టిందని యజమాని సిరియో మచ్చోని కుటుంబం కథనం. కాదు, వాళ్లకు నేర్పింది నేనేనని చిత్రకారుడు, వంటపుస్తకాల రచయిత ఎడ్ జోబీ వాదన. ఏదైతేనేం, 1977లో క్రెయిగ్ క్లేబోర్న్, పియర్ ఫ్రానే ఇద్దరూ కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో దాని తయారీ విధానం రాశారు. నడవాలో వండిన వంట అమెరికా ఇళ్లకెక్కింది.

దాంతోపాటే ఒక నమ్మకం కూడా ఇళ్లలోకి దిగింది. నోట్లో జారే పాస్తా కావాలంటే క్రీము డబ్బా కొనక తప్పదని. విశాఖలోనైనా, వరంగల్‌లోనైనా, అటు న్యూజెర్సీలోనైనా ఈ వంట తలపెట్టినవాళ్లు ముందు ఫ్రిజ్ తెరిచి చూసి, క్రీము లేదని ఆగిపోతుంటారు. ఆగక్కర్లేదు. ఈ వంటలో క్రీముకు పేరు ఎక్కువ, పని తక్కువ. అసలు పని చేసేది ఇంకొకటుంది. దాన్ని పాస్తా వార్చిన ప్రతిసారీ సింకులో పారబోస్తుంటారు.

అల్ఫ్రెడో పేరు చెబితే ఇవాళ అందరికీ క్రీము గుర్తొస్తుంది. ఆ అల్ఫ్రెడో నిజంగానే ఉన్న మనిషి. రోము నగరంలో పూటకూళ్ల వ్యాపారం చేసిన అల్ఫ్రెడో ది లేలియో. 1908లో భార్య ఇనెస్ ప్రసవమయ్యాక తిండి సయించక నీరసపడిపోతే, వెన్న, పార్మెజాన్ దండిగా వేసి ఫెత్తుచ్చీనె కలిపి పెట్టాడని ఆ కుటుంబం చెప్పుకునే కథ. 1914లో సొంత రెస్టారెంటు పెట్టాడు. 1920లో పెళ్లయిన కొత్తలో రోము వచ్చిన హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ అది తిని మురిసిపోయి, ఆయనకు బంగారు చెంచా, ఫోర్కు కానుకగా ఇచ్చారు. ఆ పాస్తాలో క్రీము చుక్కైనా లేదు. వేడి వేడి పాస్తా మీద వెన్న, తురిమిన చీజు వేసి, దానికి అంటుకుని వచ్చిన కాసిని నీళ్లతోనే వేగంగా కలిపి కలిపి చిక్కదనం తెప్పించేవాడు. చేతివాటం లేకపోతే అది కుదరదు. ముద్దలు కడుతుంది, నూనె తేలుతుంది. క్రీము పోస్తే ఆ చేతివాటం అక్కర్లేదు. అమెరికాలో అల్ఫ్రెడోకు క్రీము తోడవడంలో ఉన్న రహస్యం బహుశా ఇంతే.

ఆ కాసిని నీళ్లలో ఉన్నదేమిటి? గంజి. గోధుమ గంజి.

కొవ్వు, నీరు ఒకదానితో ఒకటి పొసగవు. వెన్న కరిగి నీళ్లలో పడితే చుక్కలుగా విడిపోయి పైకి తేలుతుంది. ఆ నీళ్లలో గంజి ఉంటే కొవ్వు చుక్కలు మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని కలవడం కష్టమవుతుంది, ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. నాలుక దాన్నే క్రీము అనుకుంటుంది. ఇటలీ ఇళ్లలో ఒక పాత లెక్కుంది: 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ఆ లెక్కన వండితే గంజి బాగా పలచన. రెస్టారెంట్లలో అదే నీళ్లలో పూటంతా ఒకదాని తర్వాత ఒకటి ఉడకబెడతారు కాబట్టి రాత్రయ్యేసరికి అది పాలలాగా తెల్లబడుతుంది. ఇంట్లో ఒక్క వాయి వండేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. వంట వెనక శాస్త్రం గురించి రాసే హారొల్డ్ మెక్‌గీ 2009లో ఈ పెద్ద గిన్నె నియమాన్నే ప్రశ్నించాడు. తక్కువ నీళ్లలో, అదీ చన్నీళ్లతో మొదలుపెట్టి, మొదట్లో కాస్త ఎక్కువసార్లు కలియబెడుతూ వండినా పాస్తా బాగానే ఉడుకుతుందని చేసి చూపించాడు. లాభం రెండు విధాలు. గ్యాసు ఆదా. గిన్నెలో మిగిలేది చిక్కటి గంజి.

ఈ విషయం మీద భౌతిక శాస్త్రవేత్తలు కూడా తలలు బద్దలుకొట్టుకున్నారంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం. రోములో కాచో ఎ పెపె అని మిరియాలు, గొర్రెపాల చీజు మాత్రమే వేసే పాస్తా ఉంది. అది ఉండ కట్టకుండా కుదరడం గగనం. ఇటలీకి చెందిన కొందరు పరిశోధకులు దాని గుట్టు విప్పుతూ 2025లో ఒక భౌతిక శాస్త్ర పత్రికలో వ్యాసం ప్రచురించారు. చీజు బరువులో 2 నుంచి 3 శాతం స్టార్చ్ ఉంటే సాసు నిలకడగా ఉంటుందని, 1 శాతం కంటే తగ్గితే వేడికి చీజు ముద్దగా మారుతుందని తేల్చారు. మామూలు పాస్తా నీళ్లను నమ్ముకోవడం కంటే బంగాళదుంప పిండో మొక్కజొన్న పిండో కొలిచి కలుపుకోమన్నారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి అదే ఏడాది వాళ్లకు దక్కింది.

పిండి కొలిచి కలపమన్న ఆ మాట కోస్తా జిల్లాల వంటిళ్లలో చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. అక్కడ పాలు పోసిన కూర అని ఒకటి చేస్తారు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, ములక్కాయ, ఏదైనా సరే. పోపులో పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక ముక్కలు వేసి మూత పెడతారు. ముక్క మెత్తబడి, అందులో ఊరిన నీరు ఇగిరాక, కాచిన పాలు పోస్తారు. సన్నని సెగ మీద దగ్గరపడనిస్తారు. చాలామంది చెంచాడు బియ్యప్పిండి కాసిని చల్లటి పాలలో కలిపి చివర్లో పోస్తారు. చింతపండు దగ్గరికి రానివ్వరు. ఉప్పు ముందే వేస్తే పాలు విరుగుతాయని పెద్దవాళ్ల హెచ్చరిక ఒకటుంటుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పులుపు తగిలితే గడ్డకడుతుంది, పీహెచ్ 4.6 దగ్గరికి దిగితే ఇక ఆపలేం. బియ్యప్పిండి చేసేది చిక్కబరచడమొక్కటే కాదు. పాలు విరగకుండా కాపు కాస్తుంది కూడా. ఉబ్బిన గంజి మధ్యలో అడ్డుపడడంతో కేసీన్ రేణువులు ఒకచోట చేరలేవు.

హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఒక అపార్టుమెంటు. ఇంటర్ చదివే అమ్మాయికి శనివారం రాత్రి వైట్ సాస్ పాస్తా కావాలి. తల్లి ఉద్యోగం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే లోపలే ఫోనులో ఆర్డరు పెట్టేయబోతే, ఇంట్లోనే చేద్దాంలే అని ఆపింది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నానమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, సినిమాకొచ్చినట్టు. అమ్మాయి వీడియో చూసి నేర్చుకున్నట్టే మూకుట్లో వెన్న కరగబెట్టి, మైదా వేసి, వేడి పాలు ఒక్కసారిగా గుమ్మరించింది. గుప్పెడు ఉండలు.

"పిండిని చల్లటి పాలల్లో కలుపుకుని పోస్తే ఈ గొడవే ఉండదు కదే" అంది నానమ్మ.

"అలా చేస్తే వైట్ సాస్ అవదు నానమ్మా. వెన్నలో వేయించాలి. ఫ్రెంచ్ వాళ్ల పద్ధతి."

"ఫ్రెంచి వాళ్లకి మాత్రం ఉండ కట్టదేంటి?"

ఇద్దరి మాటలోనూ నిజముంది. పొడి పిండి మీద వేడి ద్రవం పడగానే పై పొర ఉడికి జిగురై, లోపల పొడిని మూసేస్తుంది. ఉండ అంటే అదే. నానమ్మ పద్ధతిలో చల్లటి పాలు పిండిని ముందే విడదీసి తడిపేస్తాయి. ఫ్రెంచి పద్ధతిలో ఆ పని వెన్న చేస్తుంది, రేణువు రేణువుకూ కొవ్వు పూత పూసి. వేయించడంతో మైదా పచ్చివాసన పోవడం ఫ్రెంచి పద్ధతికున్న అదనపు మేలు. అమ్మాయి చేసిన తప్పల్లా పాలు ఒక్క ధారగా పోసెయ్యడం. పొయ్యి సన్నం చేసి, పాలు మొదట పావు గ్లాసు పోసి కవ్వంతో గట్టిగా కలిపి ముద్దలా చేసుకుని, తర్వాత కొంచెం కొంచెంగా పోస్తూ పోతే ఉండ కట్టదు. కట్టినా కంగారు లేదు, టీ వడకట్టే జల్లెడ ఉండనే ఉంది. పద్నాలుగో లూయీ కొలువులో పనిచేసిన లూయీ ద బెషమేల్ పేరు పెట్టుకున్న ఈ సాసుకు, గోధుమ పిండిని కొవ్వులో వేయించి పాలు పోయడమే మూలం. పెద్ద పేరు, చిన్న పని.

కొలతల విషయానికొస్తే, నలుగురికి 320 గ్రాముల పాస్తా సరిపోతుంది. వెన్న 25 గ్రాములు, మైదా 25 గ్రాములు, పాలు అర లీటరు, చీజు 60 గ్రాములు, కూరగాయ ముక్కలు అర కిలో. వెల్లుల్లి ఇంటి వాళ్ల ఇష్టం. మిరియాల పొడి అప్పటికప్పుడు దంచినదైతే మేలు. ఇటలీలో ఈ తెల్లసాసులో జాజికాయ గీస్తారు. పసిపిల్లల మందులకూ పరమాన్నానికీ దాచిన జాజికాయ తెలుగిళ్ల పోపులపెట్టెలో ఎక్కడో ఒక మూల ఉంటుంది. దాన్ని రెండంటే రెండు గీతలు గీస్తే చాలు.

ఏ పాలు? పాకెట్ల మీద రాసే లెక్క ప్రకారం టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీములో 6 శాతం. ఊళ్లలో పాడి ఉన్నవాళ్ల గేదె పాలలో 6 నుంచి 8 దాకా ఉండొచ్చు. టెట్రాపాకెట్లలో దొరికే క్రీములో 25 శాతం. ఇప్పుడు చిన్న లెక్క. అర లీటరు ఫుల్ క్రీము పాలలో కొవ్వు 30 గ్రాములు, 25 గ్రాముల వెన్నలో సుమారు 20. మొత్తం 50 గ్రాములు, నలుగురి మధ్య. అదే మనిషికి 100 మిల్లీలీటర్ల లెక్కన క్రీము పోస్తే ఒక్క దానిలోనే 100 గ్రాములు. హోటల్లో పాస్తా తిన్న రాత్రి గొంతు దాకా వచ్చినట్టుండి, మర్నాడు పొద్దున మజ్జిగ తప్ప ఏదీ తాగబుద్ధి కాకపోవడం ఈ తేడా వల్లే. రుచిలో తేడా ఉంటుందా అంటే ఉంటుంది. క్రీము బరువుగా, తియ్యగా నాలుకకు పూత పూస్తుంది. కూరగాయల రుచి దాని కింద పడిపోతుంది. పాలసాసులో బఠాణీ బఠాణీలా తెలుస్తుంది. అందుకే కూరగాయలతో చేసేటప్పుడు పాలసాసే సరైనది, పొదుపు కోసం చేసుకునే సర్దుబాటు కాదు.

క్రీముకు ఒక్క చోట మాత్రం ఎదురులేదు. టమాటా కలిపే గులాబీరంగు సాసులో. టమాటా పీహెచ్ సాధారణంగా 4.3 నుంచి 4.9 మధ్య. వట్టి పాలు పోస్తే విరుగుతాయి. క్రీములో కొవ్వెక్కువ, విరిగే మాంసకృత్తి తక్కువ కాబట్టి పులుపును తట్టుకుంటుంది. తెల్ల పాస్తాలో టమాటా కావాలంటే విడిగా వేయించి పైన వేసుకోవడం నయం.

కూరగాయల దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. అన్నిటినీ ఒకేసారి మూకుట్లో వేసి మూత పెడితే అవి వేగవు, తమ నీళ్లలో తామే ఉడుకుతాయి. పుట్టగొడుగులో 90 శాతం పైచిలుకు నీరే. నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. కమ్మగా ఎర్రబడడానికి కావలసింది 140 డిగ్రీలకు అటూ ఇటూ. కాబట్టి వెడల్పాటి మూకుడు, పెద్ద సెగ, ముక్కల మధ్య ఖాళీ, ఉప్పు చివర్లో. పుట్టగొడుగులు అలా వేయించి పక్కన పెట్టుకుని, అదే మూకుట్లో క్యారెట్, ఆ తర్వాత బెంగళూరు మిర్చి. బ్రకోలీని వేయించక్కర్లేదు, పాస్తా దించడానికి రెండు నిమిషాల ముందు అదే నీళ్లలో పడేస్తే పచ్చగా, పలుకుగా ఉడుకుతుంది. బఠాణీలు అన్నిటికంటే చివర.

జుకినీ కోసం పెద్ద బజార్ల చుట్టూ తిరగడం అనవసరం. అదీ, బీరకాయా ఒకే కుటుంబం మొక్కలు. ఐదారు రోజుల ప్రయాణం చేసి వడలిన జుకినీ కంటే పొద్దున్నే రైతుబజారులో కొన్న లేత బీరకాయ వెయ్యి రెట్లు నయం. ఈనెలు చెక్కేసి, అర్ధచంద్రాకారంలో కోసి, పెద్ద సెగ మీద నీరు ఇగిరేదాకా వేయిస్తే దాని తియ్యదనం పాలసాసులో ఎక్కడికీ పోదు. పాలతో దాని స్నేహం నిన్న మొన్నటిది కాదు గదా. స్వీట్ కార్న్ వెయ్యకపోతే పిల్లలు ఊరుకోరు. పిజ్జా, దోసె, సమోసా, ఆఖరికి ఇడ్లీ మీద కూడా వాలిన ఆ గింజలు ఇక్కడొకటి వదిలిపెడతాయా. బీట్‌రూట్ మాత్రం వద్దు. గిన్నెంతా రంగుల పండగవుతుంది.

చీజు దగ్గర ఇంకో చిక్కుంది. అసలైన పార్మిజానో రెజానో కనీసం 12 నెలలు మాగుతుంది. దాన్ని గడ్డకట్టించడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడాలన్నది దాని నియమం. శాకాహారం పాటించే తెలుగువాళ్లు అమెరికాలోనో, యూరప్‌లోనో స్థిరపడ్డాక ఎవరో చెబితే ఉలిక్కిపడేది ఇక్కడే. మన దేశంలో తయారయ్యే చీజు డబ్బాల మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనుక్కుంటే ఆ బాధ లేదు. ప్రాసెస్డ్ చీజు అంటే ఇటలీ వంటవాళ్లు ముఖం చిట్లిస్తారు. కానీ ఈ ఒక్క వంటలో దాని పక్షాన మాట్లాడాలి. 1911లో స్విట్జర్లాండులో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ ష్టెట్లర్ అనే ఇద్దరు చీజును కొన్ని లవణాలతో కలిపి కరిగిస్తే కొవ్వు విడిపోకుండా నున్నగా ఉంటుందని కనుక్కున్నారు. ఎండల్లో చెడకుండా దూరాలకు పంపడం వాళ్ల ఉద్దేశం. ఆ లవణాలు ఇప్పటికీ ప్రతి చీజు క్యూబులో ఉన్నాయి. తురిమి సాసులో వేయగానే ముద్ద కట్టకుండా కలిసిపోవడం వాటి పుణ్యమే. రుచి కోసం కాస్త పాతబడిన చెడ్డార్ కలుపుకోవచ్చు. రెండింట్లోనూ ఉప్పెక్కువ. సాసులో వేరే ఉప్పు వెయ్యడం చీజు కలిశాక రుచి చూసే ఆలోచించాలి.

పైన చల్లే ఒరెగానో పొట్లాల సంగతి. పిజ్జాతో వచ్చినవి ప్రతి ఇంట్లో సొరుగులో ఒక కట్ట ఉంటాయి. ఆ వాసనకు మూలం కార్వక్రాల్, థైమాల్ అనే పదార్థాలు. వాములో ఉండేదీ థైమాలే. పెరట్లో కుండీలో మందంగా పెరిగి బజ్జీలకు పనికొచ్చే వాము ఆకులో కార్వక్రాల్ కూడా ఉంది. రెండాకులు సన్నగా తరిగి వెల్లుల్లితో పాటు వెన్నలో వేస్తే ఆ పొట్లం విప్పే పని తప్పుతుంది. బేసిల్ కొనేవాళ్లకు ఇంకో మాట: ఎండాకాలం షర్బత్తులో నానేసుకునే సబ్జా గింజలు ఆ మొక్కవే. కుండీలో చల్లితే మొలుస్తాయి. వాసన ఇటలీ రకమంత తియ్యగా ఉండదు, ఘాటు కాస్త ఎక్కువ.

ఇక పాస్తా. సంచి ముందువైపు బొమ్మలు చూసి కొనేవాళ్లు వెనక్కి తిప్పి చూడాలి. ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చెయ్యాలని ఇటలీ 1967లో చట్టమే చేసింది. ఆ గోధుమలో మాంసకృత్తి గట్టిగా అల్లుకుని ఉంటుంది, గంజిని కొంత వదులుతూ మిగతాదాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. మైదా పాస్తా అయితే ఐదు నిమిషాల్లో ఉబ్బి, చివర్లు చిట్లి, గరిటె తగిలితే విరిగిపోతుంది. డ్యూరమ్ మనకు పరాయి పంటేమీ కాదు, మధ్యప్రదేశ్ మాళవ ప్రాంతంలో పండుతుంది. తెలుగిళ్లకు రవ్వ పిండిని సాంచాలో తోసి ఆరబెట్టిన సరుకు కూడా కొత్త కాదు. సేమియా అదే కదా. హైదరాబాదు కంపెనీ బాంబినో సేమియాతోపాటు మాకరోనీ కూడా అమ్ముతోంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవాల పోపుతో ఉప్మాలా చేసిన మాకరోనీ తిని పెరిగినవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి తాము తింటున్నది పాస్తా అని ఎవరూ చెప్పలేదు, అయినా లోటేమీ జరగలేదు.

సంచి మీద 11 నిమిషాలని ఉంటే 9 నిమిషాలకే, ఇంకా కాస్త పలుకుగా ఉండగానే దించాలి. మిగతా రెండు నిమిషాలూ అది సాసులో ఉడుకుతూ సాసును పీల్చుకుంటుంది. వార్చే ముందు రెండు గ్లాసుల గంజి తీసి పక్కన పెట్టుకోవడం మర్చిపోకూడదు. ఈ వ్యాసమంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంటే పాస్తా కుదురుతుంది. వార్చాక చల్లటి నీళ్లతో కడిగే అలవాటు కొందరికుంది. పైన అంటుకున్న గంజంతా కొట్టుకుపోతుంది, సాసు పట్టడానికి ఏమీ మిగలదు. అంటుకోకుండా నూనె కలపడమూ అంతే, సాసు జారిపోతుంది.

పలుకుగా తినడం ఒంటికీ కొంత మంచిదే. గట్టిగా అల్లుకున్న పాస్తాలోని పిండి మెల్లగా జీర్ణమవుతుంది, రక్తంలో చక్కెర తెల్ల బ్రెడ్డు తిన్నంత వేగంగా పెరగదు. మెత్తగా ఉడికించేస్తే ఆ లాభం తగ్గుతుంది. కానీ కట్టుడు పళ్లున్న నానమ్మకు పలుకు పనికిరాదు. కూకట్‌పల్లి ఇంట్లో ఆమె వాటా మరో నాలుగు నిమిషాలు ఉడికింది. ఇటలీ వంటవాళ్లు గుండెలు బాదుకుంటే బాదుకోనీ, తినేది ఆమె.

అన్నీ ఒకచోట చేరే ఘట్టం మూడు నిమిషాలకు మించదు. సన్నని సెగ మీద పాలసాసు, అందులో పాస్తా, గరిటెడు గంజి, కలియబెట్టడం. వేయించిన కూరగాయలు, మళ్లీ కలియబెట్టడం. పొయ్యి ఆపేశాక చీజు. పొయ్యి ఆపేశాకే. మరుగుతున్న సాసులో చీజు తీగలు సాగి గరిటెకు చుట్టుకుంటుంది. ఈ దశలో సాసు కావలసినదానికంటే జారుగా, ఇదేమిటి ఇంత పలచన అనిపించేలా ఉండాలి. కంచంలోకి చేరి, చెంచా అందుకునేలోపు గంజి చల్లారుతూ దానంతటదే బిగుస్తుంది. మూకుట్లోనే చిక్కగా కనిపించిన పాస్తా బల్ల మీద సిమెంటు. కొత్తగా వండేవాళ్లు సాసు చిక్కబడలేదని ఇంకా చీజు, ఇంకా క్రీము గుమ్మరించేది ఇక్కడే. వెయ్యాల్సింది ఇంకో గరిటె గంజి.

అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన తెలుగు పిల్లలు కలిసి అద్దెకుండే ఇళ్లలో అల్ఫ్రెడో సాసు సీసాలు బారులు తీరి ఉంటాయి. రెండు నిమిషాల్లో రాత్రి భోజనం తేలిపోతుంది కాబట్టి వాళ్లనేమీ అనడానికి లేదు. సీసా వెనక చిన్నక్షరాల్లో దినుసుల జాబితా చదివితే మాత్రం చాలావాటిలో మోడిఫైడ్ స్టార్చ్ కనబడుతుంది. నెలల తరబడి షెల్ఫులో ఉన్నా కొవ్వు విడిపోకూడదంటే ఫ్యాక్టరీవాళ్లకైనా గంజే దిక్కు.

మిగిలితే? ఫ్రిజ్‌లో పెట్టిన పాస్తా తెల్లారేసరికి గిన్నె ఆకారంలో గట్టిపడుతుంది. ఉబ్బిన గంజిలోని గొలుసులు చల్లదనానికి మళ్లీ దగ్గరికి జరిగి, పట్టుకున్న నీటిని వదిలేస్తాయి. రాత్రి అన్నం పొద్దుటికి పొడిబారేదీ ఇందుకే. మైక్రోవేవ్‌లో అలాగే తిప్పితే నూనె ఒకవైపు, పాస్తా ఒకవైపు అయిపోతుంది. పావు గ్లాసు పాలు పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద మెల్లగా కదుపుతూ వేడిచేస్తే రాత్రి రూపం చాలావరకు తిరిగొస్తుంది. కూకట్‌పల్లిలో మాత్రం ఆదివారం పొద్దున నానమ్మ ఆ ఓపిక పెట్టలేదు. మూకుట్లో నాలుగు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి, గట్టిపడ్డ ముద్దను అట్లకాడతో విడదీస్తూ అడుగు ఎర్రబడేదాకా వేపింది. మనవరాలు అది చూసి పాడుచేశావని కాసేపు గోల చేసి, తర్వాత కంచం తెచ్చుకుని అడుగున మాడిన పెచ్చులు తనకే కావాలంది.